నడిగడ్డలో నెత్తురు పరీక్ష: హాజరు పట్టీకి అందని పిల్లల గురించి ఒక ప్రాజెక్టు డైరీ

జూన్, రెండో వారం

బడులు తెరిచిన వారంలోనే జోగులాంబ గద్వాల జిల్లాలో మా పని మొదలైంది. పది నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య ఉన్న పిల్లల్లో రక్తహీనత ఎంత ఉన్నదో కొలవడం, ఆ రక్తహీనత కులాన్నిబట్టి, ఆస్తినిబట్టి, చదువునుబట్టి, ఆడా మగా అన్నదాన్నిబట్టి ఎట్లా మారుతున్నదో చూడడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారానికి పెట్టుకున్న వయసు హద్దు కూడా పది నుంచి పంతొమ్మిదే.

కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న ఈ నేలను ఇక్కడివాళ్లు నడిగడ్డ అంటారు. 2016 అక్టోబరులో మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి జిల్లా అయింది. 2011 జనాభా లెక్కల్లో ఈ ప్రాంతంలో చదవను రాయను వచ్చినవాళ్లు దాదాపు సగం మందే. నేను దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం మాత్రం సీడు పత్తి. హైబ్రిడ్ పత్తి విత్తనం ఇక్కడి చేలల్లో విస్తారంగా తయారవుతుంది, ఆ పనిలో ఆడపిల్లల చేతులు ఏళ్ల తరబడి నలుగుతున్నాయి. బడికీ చేనుకీ మధ్య పిల్లల ఆరోగ్యం ఎట్లా చీలిపోతుందో చూడాలంటే ఇంతకంటే తగిన చోటు నాకు తోచలేదు.

బయలుదేరేముందు పెద్ద సర్వేలను మరోసారి తిరగేశాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో (2015–16) పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల ఆడపిల్లల్లో 54.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలితే, అయిదో విడతలో (2019–21) అది 59.1 శాతానికి పెరిగింది. ఈ రెండింటి నడుమ, 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే మాత్రం పది నుంచి పంతొమ్మిదేళ్ల ఆడపిల్లల్లో 40 శాతం, మగపిల్లల్లో 18 శాతం అని చెప్పింది. వయసు పరిధులు వేరు కాబట్టి రెంటినీ నేరుగా పోల్చలేము గాని, తేడా అంతా వయసుతోనే రాలేదు. మొదటి సర్వే వేలి కొస నుంచి తీసిన చుక్కను చేతిలో పట్టే పరికరంతో కొలిచింది, రెండోది మోచేతి నరం నుంచి రక్తం తీసి ప్రయోగశాలలో కొలిచింది. మా డబ్బు వేలి చుక్కకే సరిపోతుంది కనుక ప్రతిపాదనలో అదే రాసుకున్నాం. ఆ వాక్యం రాసేటప్పుడు నేను ఇంకాస్త ఆలోచించి ఉండవలసింది.

జూన్, చివరి వారం

నమూనా జాబితా తయారీ. ప్రతి గ్రామంలో రెండు జాబితాలు కట్టాము. ఒకటి బడి హాజరు పట్టీ నుంచి, రెండోది ఇంటింటికీ తిరిగి మేము రాసుకున్నది. హాజరు పట్టీ ఒక్కటే చాలదా అని మా బృందంలో ఒకరు అడిగారు. అది ఒక్కటే అయితే పని మూడు వారాల్లో అయిపోతుంది, ఖర్చు సగానికి తగ్గుతుంది, చాలా అధ్యయనాలు చేసేదీ అదే. కానీ బడి మానేసిన పిల్లకు ఆ పట్టీలో చోటుండదు, పేరుండి మూడు నెలలుగా రాని పిల్లకు చోటుంటుంది గాని మనిషి ఉండదు.

వయసు దగ్గర కూడా ఆగవలసివచ్చింది. ఆధార్ కార్డుల మీద పుట్టిన తేదీలు చూస్తే సగం ఊరు జనవరి ఒకటినే పుట్టినట్టుంది, బడి పట్టీలు చూస్తే మిగతా సగం జూన్‌లో పుట్టింది. రక్తహీనతకు గీత వయసునుబట్టి మారుతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. పన్నెండేళ్లలోపు పిల్లలకు డెసిలీటరు రక్తంలో 11.5 గ్రాముల హిమోగ్లోబిన్, ఆ పైన అందరికీ 12, మగపిల్లలకు పదిహేనేళ్లు నిండితే 13. పద్నాలుగో పదిహేనో తెలియని అబ్బాయి 12.5 దగ్గర ఉంటే, వాడికి జబ్బున్నదీ లేనిదీ బడిలో చేర్చిననాడు పంతులుగారు వేసిన తేదీయే తేలుస్తుంది. తల్లులను “ఏ పండుగకు ముందు పుట్టాడు, తోడబుట్టినవాడు అప్పటికి నడుస్తున్నాడా” అని అడిగి సరిచేసుకుంటున్నాం. నెమ్మదైన పని, కానీ తల్లులు తప్పు చెప్పడం తక్కువ.

జులై, రెండో వారం

ప్రశ్నావళిని ఒక ఊళ్లో పరీక్షించి చూసుకున్నాం, సగం తిరగరాయవలసివచ్చింది.

‘రక్తహీనత’ అన్న మాట ఎవరి నోటా రాలేదు. “రక్తం తక్కువున్నది”, “ఒంట్లో రక్తం పట్టలేదు” అంటారు. అది జబ్బు కూడా కాదు, ఆడపిల్లకు ఉండే లక్షణం. “ఆడపిల్లలందరికీ తక్కువే ఉంటది గదా మేడమ్” అని ఒక తల్లి నాకే వివరించింది. దిగులు గురించి అడిగే ప్రశ్నలు మరీ దెబ్బతిన్నాయి. “గత రెండు వారాల్లో మీకు నిరాశగా అనిపించిందా” అని నగరంలో కూర్చుని రాసుకున్న వాక్యాన్ని చదివితే, ఒక పదహారేళ్ల అమ్మాయి “ఎవరి మీద?” అని అడిగింది. నిరాశ అంటే అనుకున్నది దక్కకపోవడమని ఆమెకు తెలుసు, అది మనసుకు పట్టే జబ్బు పేరు కాదు. ‘బెంగ’ అంటే ఊరు విడిచిన వాళ్ల కోసం పెట్టుకునేది, ‘దిగులు’ అంటే ఇంట్లో ఎవరికైనా బాగోలేనప్పుడు ఉండేది, ‘టెన్షన్’ అంటే అన్నీ. చివరికి “ఏ పనీ చేయబుద్ధి కాకుండా ఉంటున్నదా, ఎన్ని రోజులు” అన్న రూపం నిలిచింది. ఈ భాగం ఫలితాలను ఇతర రాష్ట్రాల అధ్యయనాలతో పోల్చబోనని అప్పుడే నిర్ణయించుకున్నాను.

ఆస్తి సూచిక గురించి ఒక ముక్క. టీవీ, బండి, పక్కా ఇల్లు ఉంటే ఉన్నవాళ్ల కింద లెక్కకట్టే పద్ధతి సీడు పత్తి ఊళ్లలో సరిగా పనిచేయదు. విత్తన కంపెనీకీ రైతుకూ నడుమ ఉండే ఆర్గనైజర్ దగ్గర అడ్వాన్సు తీసుకుని బండి కొన్న ఇల్లు, అడ్వాన్సు లేకుండా బండి కొన్న ఇల్లు ఒకటి కావు. అడ్వాన్సు ఉన్నదా లేదా అన్న ప్రశ్న చేర్చాం.

ఆగస్టు, మొదటి పక్షం

బడుల్లో కొలతలు మొదలుపెట్టాం. తల్లిదండ్రుల సమ్మతి ముందే తీసుకున్నాం, ఆ తర్వాత పిల్లలను విడిగా అడుగుతున్నాం. తల్లి వేలిముద్ర వేసినా పిల్ల తల అడ్డంగా ఊపితే పరీక్ష లేదు. ఈ నియమం మా బృందంలో కొత్తగా చేరినవారికి కొంత వింతగా తోచింది గాని, పిల్లలకు మాత్రం వెంటనే అర్థమైంది. కాదనే హక్కు ఉన్నదని తెలిశాక కాదన్నవాళ్లు తక్కువ.

ఒక ఉన్నత పాఠశాలలో మేము వెళ్లిన రోజే మాత్రల రోజు. వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రను మధ్యాహ్న భోజనం తర్వాత, టీచరు కళ్లెదుట మింగించాలి. 2018లో వచ్చిన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం ప్రకారం ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర వేరు. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం పెడుతుంది కనుక అన్నం తిన్నాక ఇవ్వడం మంచి పద్ధతే. మాత్ర మింగిన మర్నాడు విరేచనం నల్లగా వస్తే భయపడవద్దని ఆ టీచరు పిల్లలకు ఎంతో ఓపికగా చెప్పడం చూసి సంతోషించాను.

అప్పుడు తరగతి గదిలో తలలు లెక్కపెట్టాను. తొమ్మిదో తరగతిలో అబ్బాయిల వరుసలు నిండుగా ఉన్నాయి. అమ్మాయిల వైపు వెనక మూడు బల్లలు ఖాళీ. “క్రాసింగ్ సారూ, క్రాసింగ్” అని పిల్లలు ఒకరి మీద ఒకరు అందుకుని చెప్పారు. సీడు పత్తి పూలకు చేత్తో పుప్పొడి రాసే పని పేరది. నాతో వచ్చిన సహాయకుడి వైపు చూస్తూ చెప్పారు గనుక సారు ఆయన.

ఆ బల్లల మీద కూర్చోవలసినవాళ్లే నేను కొలవవలసినవాళ్లు. ఆ రోజు వచ్చినవారిని మాత్రమే కొలిచి వెళితే ఈ బడిలో ఆడపిల్లల రక్తం పరవాలేదని నా నివేదిక చెబుతుంది. ఇల్లు గడవనివాళ్లు చేనులో, ఇల్లు గడిచేవాళ్లు బడిలో ఉన్న ఊళ్లో, బడిలో తూచిన తూకం అంతరాన్ని ఉన్నదానికంటే చిన్నదిగా చూపుతుంది. హాజరు పట్టీ ఒక్కటే చాలదని జూన్‌లో పట్టుబట్టినందుకు కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

ఆగస్టు, చివరి వారం

రాని పిల్లల ఇళ్లకు వెళ్తున్నాం. పొద్దున ఆరు గంటలలోపు, లేదా పొద్దుగూకాక ఏడు దాటాక. “పొద్దున పోతే మల్ల చీకటి పడ్డంకనే వస్తం మేడమ్” అన్న మాట ఇంటింటా వింటున్నాం. వాకిట్లో చార్జింగ్ దీపం పెట్టుకుని, గోడకు ఆనించిన మంచం మీద సామాను సర్దుకుని పరీక్ష చేస్తున్నాం.

రెండు రాత్రుల తర్వాత అంకెలు చూస్తే నాకు నిద్ర పట్టలేదు. బడిలో కొలిచిన పిల్లలకూ ఇంటి దగ్గర కొలిచిన పిల్లలకూ మధ్య తేడా నేను ఊహించినదానికంటే ఎక్కువగా ఉన్నది. ఊహించిన దిక్కులోనే ఉన్నది కాబట్టి సంబరపడవలసింది గాని, ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ అనుమానం వచ్చింది. మూడో రాత్రి నేనే పక్కన కూర్చుని మా టెక్నీషియన్ చేతులను మాత్రమే గమనించాను.

వేలి చుక్క తీయడంలో కొన్ని నియమాలున్నాయి. ఎడమచేతి ఉంగరం వేలు గాని మధ్య వేలు గాని పట్టుకోవాలి. స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. కొసకు కొంచెం పక్కగా ఒక్క పోటు పొడవాలి. మొదటి రెండు మూడు చుక్కలను తుడిచేసి, తరువాతి చుక్క దానంతట అది ఉబికాక, క్యూవెట్ అనే ఆ పలచని ప్లాస్టిక్ ముక్కకు ఒక్కసారిగా తాకించాలి. వేలిని పిండకూడదు, పిండితే నెత్తురుతో పాటు కండలో ఊరిన నీరు కూడా వచ్చి చుక్క పలచబడుతుంది, యంత్రం తక్కువ చూపుతుంది.

ఆ రాత్రి మా ముందు కూర్చున్న అమ్మాయికి పదిహేనేళ్లు. చేయి చాపింది. వేళ్ల కొసల్లో చర్మం దళసరిగా, పత్తి ఆకు పసరుతో నల్లబారి ఉన్నది. కుడి బొటనవేలి గోరు ఒక్కటి మాత్రం పొడుగ్గా, మొనదేలి ఉన్నది. అప్పుడే చల్లనీళ్లతో చేతులు కడుక్కుని వచ్చింది. టెక్నీషియన్ పొడిచాడు. ఒక ఎర్రటి చుక్క సూదిమొనంత వచ్చి ఆగిపోయింది. తుడిచాడు, మళ్లీ రాలేదు. అప్పుడతను, తనకు తెలియకుండానే, కణుపు దగ్గర నుంచి కొస దాకా మెల్లగా పిండాడు. చుక్క ఉబికింది, క్యూవెట్ నిండింది, యంత్రం 9.8 అని చూపింది. మరో చేతిని గోరువెచ్చటి నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచి, కాస్త లోతుగా దిగే సూదితో, పిండకుండా తీయించాను. 10.9.

ఒక్క అమ్మాయి రెండు చేతులతో శాస్త్రం తేలదు, రెండు చేతుల చుక్కలు మామూలుగా కూడా కొంత అటూఇటూ ఉంటాయి. కానీ బడి పిల్లల మెత్తటి వేళ్ల నుంచి చుక్క దానంతటదే వస్తున్నది, చేనులో పనిచేసే పిల్లల వేళ్లను పిండవలసివస్తున్నది. అంటే నా పరికరం పేదపిల్లను ఒక తీరుగా, కలిగినపిల్లను ఒక తీరుగా కొలుస్తున్నది. బడికి రానివాళ్లను వదిలేస్తే అంతరం కుంచించుకుపోతుంది, వాళ్లను వెతికిపట్టి ఇట్లా కొలిస్తే అంతరం ఉబ్బుతుంది. ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సరైన అంకె ఇస్తాయని నమ్ముకుని కూర్చోవడం కుదరదు.

టెక్నీషియన్‌ను తప్పు పట్టలేదు. పన్నెండు గంటలు పని చేసి వచ్చి నిద్రకు తూలుతున్న పిల్లను రెండోసారి పొడవడానికి అతనికి మనసొప్పలేదు. వెచ్చటి నీళ్ల ఫ్లాస్కు, లోతు సూదులు, “పిండితే ఆ కొలత రద్దు” అన్న గడి, ఈ మూడూ మర్నాటి నుంచి అమల్లోకి వచ్చాయి. అప్పటిదాకా ఇళ్ల దగ్గర తీసిన కొలతలన్నింటినీ పక్కన పెట్టాను.

సెప్టెంబరు, రెండో వారం

నరం నుంచి రక్తం తీసి పోల్చిచూడడానికి అనుమతి కోరుతూ మా నైతిక కమిటీకి సవరణ పంపాను. 2024లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు కూడా నరపు రక్తాన్నే, ఆటోమేటిక్ ఎనలైజర్‌నే మేలైన పద్ధతిగా చెబుతున్నాయని రాశాను. ఎదురుచూడమన్నారు. క్రాసింగ్ సీజను మాత్రం ఎదురుచూడదు.

ఈ వ్యవధిలో చేలకు వెళ్లాను. చేనులో కొన్ని సాళ్లు ఆడ మొక్కలు, పక్కన వేరుగా మగ మొక్కలు. మధ్యాహ్నం దాటాక, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకుని, బొటనవేలి గోటిని మొదట్లో గుచ్చి, చుట్టూ తిప్పి, రెక్కలనూ పుప్పొడి తొడుగునూ ఒక్క లాగున ఊడదీస్తారు. మధ్యలో సన్నటి కీలాగ్రం తెల్లగా నిలబడుతుంది. దానికి గుర్తు కడతారు. మర్నాడు పొద్దున్నే మగ పువ్వును తెచ్చి ఆ కీలాగ్రానికి పుప్పొడి రాస్తారు. ఆ అమ్మాయి గోరు ఎందుకు పెంచిందో ఇక్కడ తెలిసింది. మొగ్గలు నడుము ఎత్తులో ఉంటాయి గనుక పొట్టివాళ్లకు వంగే పని తక్కువని, అందుకే చిన్నపిల్లలు నయమని ఒక రైతు నాకు మామూలుగా, పనిముట్టు గురించి చెప్పినట్టు చెప్పాడు. నడుము నొప్పి ప్రశ్నలు మా ప్రశ్నావళిలో లేవు.

“ఎవరి చేను?” అని అడిగితే ప్రతి పిల్లా “మాదే” అన్నది. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని పూర్తిగా నిషేధించింది గాని, బడివేళలు కాని సమయంలో సొంత కుటుంబం పనికి సాయపడవచ్చని వెసులుబాటు ఇచ్చింది. ఆ వెసులుబాటు ఎంత దూరం ప్రయాణించిందంటే పదకొండేళ్ల పిల్లకు కూడా దాని సారం కంఠతా వచ్చు. ఆరుగురు పిల్లలు, ఆరు ఇంటిపేర్లు, ఒకే చేను, అందరికీ సొంతమే. మేము పోలీసులం కాము, లేబర్ ఆఫీసువాళ్లమూ కాము. కాబట్టి ప్రశ్నను “నిన్న ఎన్ని గంటలకు చేనుకు వచ్చావు, ఎప్పుడు పోయావు, కూలి ఎవరి చేతికి వచ్చింది” అని మార్చాం. చేను ఎవరిదన్నది విశ్లేషణలో నేను వాడను.

బడి మానేసిన ఆడపిల్లలకు నీలి మాత్ర అంగన్‌వాడీ కేంద్రంలో ఇవ్వాలని కార్యక్రమం చెబుతుంది. అంగన్‌వాడీ తెరిచే వేళకు పిల్ల చేనులో ఉంటుంది, పిల్ల ఇంటికి వచ్చే వేళకు అంగన్‌వాడీకి తాళం. ఒక అంగన్‌వాడీ టీచరు మాత్రలను తన ఇంట్లో పెట్టుకుని సాయంత్రం పిల్లల తల్లులకు ఇస్తున్నది. అది నిబంధన కాదు గాని మాత్ర చేరుతున్నది. ఇక బడి మానేసిన మగపిల్లలకైతే ఈ కార్యక్రమంలో చోటే లేదు, వాళ్లకు మాత్ర ఇచ్చే బాధ్యత ఎవరి మీదా పెట్టలేదు. చేలకు పురుగుమందు కొట్టే పనికి పోయే పదహారేళ్ల కుర్రాడు పుస్తకంలో ఎక్కడా లేడు.

సెప్టెంబరు, చివర

జాబితాలో పెళ్లయిన పిల్లలు కనిపించడం లేదు. అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. మా జాబితా ప్రకారం ఈ ఊళ్లలో అట్లాంటివాళ్లు దాదాపు లేనట్టే. పుట్టింటి దగ్గర అడిగితే “అది ఇక్కడ లేదు” అంటారు, అత్తింటి దగ్గర అడిగితే పంతొమ్మిది దాటిందని గాని, చుట్టపుపిల్ల అని గాని అంటారు. రెండు ఇళ్ల నడుమ పిల్ల జారిపోతున్నది. పెళ్లి గురించి మొదటే అడగడం మానేశాం. “ఈ ఇంట్లో రాత్రి పడుకున్నవాళ్లు ఎవరెవరు” అని మొదలుపెట్టి, ఆశా కార్యకర్త దగ్గర ఉన్న గర్భిణుల జాబితాను, పేర్లు బయటికి రాకుండా, సంఖ్య వరకే సరిచూసుకుంటున్నాం. తేడా వచ్చిన వీధికి మళ్లీ వెళ్తున్నాం. అత్త పక్కన ఉండగా అడగవద్దన్నది నియమం. అత్త పక్కన లేని క్షణం దొరకడం అన్నది వేరే సంగతి.

అక్టోబరు, మూడో వారం

అయిదు వారాలకు అనుమతి వచ్చింది. క్రాసింగ్ ముగింపుకు వచ్చింది గాని, చేతులు ఇంకా మెత్తబడలేదు.

బడి పిల్లల్లో కొందరికి, చేను పిల్లల్లో కొందరికి ఒకే కూర్చున్నపాటున వేలి చుక్క, నరపు రక్తం రెండూ తీస్తున్నాం. రెండు గుంపులకూ దిద్దుబాటు లెక్క విడివిడిగా కట్టాలి, ఒకటే లెక్క ఇద్దరికీ వాడితే మళ్లీ మొదటికే వస్తాం. రెండు మిల్లీలీటర్లు, ఊదారంగు మూత గొట్టం, తీయగానే ఎనిమిది పదిసార్లు నెమ్మదిగా తలకిందులు చేయడం, ఐస్‌ప్యాకుల పెట్టె, అదే రోజు ప్రయోగశాల.

ఊళ్లో దీన్ని ఒప్పించడం మాత్రం ఇంత సులభంగా రాయలేను. ఒక అవ్వ గడపలో అడ్డంగా కూర్చున్నది. “రక్తం లేదంటిరి. ఉన్నదాన్ని గూడ గుంజుకపోతరా బిడ్డా?” ఆమె తర్కంలో లోపం లేదు. నేను ఒక చెంచా తెప్పించి, అందులో సగం కన్నా తక్కువే నీళ్లు పోసి, తీసేది ఇంతే అని చూపించాను. అవ్వ ఆ చెంచాను చాలాసేపు చూసి, “ముందు నీది తియ్యి” అన్నది. తీయించుకున్నాను. నాది 11.4, నేను కూడా రక్తం తక్కువున్నదాన్నేనని ఆ వీధి మొత్తానికి తెలిసింది. ఆ సాయంత్రం ఎవరూ కాదనలేదు.

రెండో రోజు నష్టం. నాలుగు గొట్టాల్లో రక్తం గడ్డకట్టింది. కరెంటు పోయిన హడావిడిలో తిప్పడం మరచిపోయారు. ఆ నలుగురి దగ్గరికి మళ్లీ సూదితో వెళ్లకూడదని నిర్ణయించాను, ఇచ్చిన మాట రెండు మిల్లీలీటర్లకే.

ఎనిమిది గ్రాముల కంటే తక్కువ వచ్చిన పిల్లను అదే రాత్రి మా బండిలో పీహెచ్‌సీకి తీసుకుపోతున్నాం, కూలి పోతుందని పొద్దున ఎవరూ రారు. అక్కడి వైద్యాధికారి అడిగిన ప్రశ్న రాసిపెట్టుకున్నాను: అన్నీ ఇనుము లోపమేనా? కాదు. సమగ్ర పోషకాహార సర్వేలో ఈ వయసు పిల్లల్లో ఇనుము లోపం కంటే ఫోలేట్ లోపం, బీ12 లోపం ఎక్కువగా తేలాయి. నీలి మాత్రలో బీ12 లేదు. పాలు, గుడ్డు ఎన్నడో గాని కనబడని జొన్న రొట్టె, పచ్చి కారం పళ్లెంలో అది ఎక్కడి నుంచి వస్తుంది? నరపు రక్తంలో కొంత భాగాన్ని బీ12 కోసం దాచాలని అప్పుడే తోచింది గాని, సమ్మతి పత్రంలో ఆ మాట లేదు. కాబట్టి దాచలేదు.

నవంబరు, రెండో వారం

క్రాసింగ్ అయిపోయింది, పత్తి ఏరడం మొదలైంది. కొందరు పిల్లలు బడికి తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. మొదట పక్కన పెట్టిన ఇళ్లన్నింటికీ మళ్లీ వెళ్లి కొత్త పద్ధతిలో కొలిచాం. దిద్దుబాటు లెక్క ఇంకా తేలలేదు గనుక అంకెలు ఇక్కడ రాయను. అంతరం ఉన్నదన్నంతవరకు సందేహం లేదు. ఆగస్టు రాత్రులు చూపినంత లేదు, బడి గదులు చూపినంత తక్కువా లేదు.

ఇవాళ ఒక బడిలో మాత్రల కార్డులు ఎక్కించుకుంటున్నాం. ఒక్కో పిల్లకు ఒక్కో కార్డు, వారానికో గడి, మింగితే టిక్కు. మొనదేలిన గోరు ఉన్న అమ్మాయి మూడు నెలల తర్వాత బడికి వచ్చి రెండో బల్ల మీద కూర్చున్నది, గోరు కత్తిరించుకున్నది. ఆమె కార్డు తీసి చూశాను. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు గడులన్నింటిలోనూ ఒకే సిరాతో, ఒకే వాలుతో టిక్కులున్నాయి. అదే వారాల్లో ఆమె ఎన్ని గంటలు చేనులో ఉన్నదో మా పుస్తకంలో ఉన్నది.

కార్డు తప్పు అని అక్కడ ఎవరితోనూ అనలేదు. పై ఆఫీసుకు నెలనెలా శాతం పంపవలసిన మనిషి చేసిన పని అది, ఖాళీ గడులు పంపితే సంజాయిషీ అడుగుతారు. రాత్రి డేటా ఫైలులో ‘మాత్రలు అందాయి’ అన్న నిలువు వరుసను కార్డు నుంచి తీసేసి, పిల్ల చెప్పిన జవాబుతో కొత్తగా కట్టడం మొదలుపెట్టాను. రేపటి నుంచి మిగిలిన బడుల్లో కూడా కార్డునూ హాజరు పట్టీనీ పక్కపక్కన పెట్టి, పిల్ల రాని రోజున పడిన టిక్కులను విడిగా లెక్కించాలి.